మాంటిస్సోరి శిశువిద్యాపద్ధతి – భారతీయ పరిణామం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1907లో రోమ్ నగరంలోని ఒక కార్మికవాడలో పుట్టిన మాంటిస్సోరి పద్ధతి భారతదేశంలో రెండు దారుల్లో నడిచింది. ఒకటి నగరాల్లోని ప్రైవేటు పాఠశాలల దారి. రెండవది భావనగర్‌లో మొదలై బోర్డి, కోస్బాడ్ గ్రామాల మీదుగా అంగన్‌వాడీ దాకా సాగిన దారి. మొదటిది అసలైన పద్ధతి అనీ, రెండవది దానికి చవకైన అనుకరణ అనీ ఒక అభిప్రాయం వాడుకలో ఉంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని చారిత్రక ఆధారాల వెలుగులో పరిశీలిస్తుంది. 1939-49 దశాబ్దిలో మేరియా మాంటిస్సోరి భారతదేశ నివాసం పద్ధతిలో తెచ్చిన మార్పులను వివరిస్తుంది. తెలుగు లిపిబోధనకు ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు ఎదురయ్యే సమస్యను చర్చిస్తుంది.

కీలక పదాలు: శిశువిద్య, బాలల గృహం, అడయారు, గిజుభాయి బధేకా, తారాబాయి మోడక్, అంగన్‌వాడీ, గుంట ఓనమాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ‘మాంటిస్సోరి’ అనే మాట వినని పట్టణం అరుదు. సందు మలుపులోని చిన్న బడి మొదలుకొని పెద్ద ప్రాంగణాల్లోని విద్యాలయాల వరకు ఈ పేరు బోర్డుల మీద కనిపిస్తుంది. ఆ పేరు ఒక మనిషిదని, ఆమె ఇటలీ దేశపు వైద్యురాలని, ఆమె దాదాపు పదేళ్లపాటు భారతదేశంతో పెనవేసుకొని జీవించిందని తెలిసినవారు తక్కువ. ఆ పదేళ్ల ప్రధానకేంద్రం మద్రాసులోని అడయారు. నాటి ఆంధ్ర జిల్లాలకు కూడా మద్రాసే రాజధాని.

అంగన్‌వాడీ అనే మాటకూ తెలుగు పల్లెల్లో అంతే వాడుక ఉంది. మాంటిస్సోరి అనగానే ఫీజు, ఇంగ్లీషు, యూనిఫాం గుర్తుకు వస్తాయి. అంగన్‌వాడీ అనగానే కోడిగుడ్డు, పోషకాహారం, పేదపిల్లలు గుర్తుకు వస్తారు. ఈ రెండు మాటలకు మధ్య ఉన్న చుట్టరికం వెంటనే స్ఫురించదు. అయితే చరిత్ర ఈ రెండింటినీ ఒకే కొమ్మకు పూసినవిగా చూపిస్తుంది. ఆ సంబంధాన్ని నిరూపించడం, దాని నుంచి పద్ధతి సారాన్ని గురించి ఏమి తెలుస్తుందో తేల్చడం ఈ వ్యాసోద్దేశం.

2. పద్ధతి పుట్టుక: శాన్ లొరెంజో

మేరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో జన్మించింది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందింది. బుద్ధిమాంద్యం గల పిల్లలతో పనిచేస్తూ, వారి సమస్య వైద్యానికి సంబంధించినదనే దానికన్నా విద్యకు సంబంధించినదనే నిశ్చయానికి వచ్చింది. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాఁ రచనలను క్షుణ్ణంగా అధ్యయనం చేసింది. ఇంద్రియాల ద్వారా బుద్ధిని మేల్కొలిపే సాధనాలను వారి నుంచి గ్రహించి మెరుగుపరచింది. ఆ సాధనాలు మామూలు పిల్లల చేతుల్లో పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం వెదికే అవకాశం 1907లో వచ్చింది.

రోమ్‌లోని శాన్ లొరెంజో నాడు దుర్భరమైన పేదరికం తాండవించిన వాడ. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాడుబడిన భవనాలను బాగుచేయించి కార్మిక కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోగానే బడియీడు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేయసాగారు. ఆ పిల్లలను ఒక గదిలో ఉంచి చూసుకోవడం, గోడలకు మళ్లీమళ్లీ మరమ్మతులు చేయించడం కన్నా లాభమని సంస్థ లెక్కవేసింది. ఆ బాధ్యత మాంటిస్సోరికి అప్పగించింది. 1907 జనవరి 6న ఆ గది ‘కాసా దెయ్ బంబీని’, అంటే ‘బాలల గృహం’ అనే పేరుతో ప్రారంభమయింది.

ఈ ఆరంభంలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, బడి పిల్లలు నివసించే భవనంలోనే ఉంది. మాంటిస్సోరి దీనిని ‘ఇంటిలోని బడి’గా భావించింది. తల్లులు ఏ వేళనైనా వచ్చి చూడవచ్చు. అధ్యాపకురాలు ఆ భవనంలోనే, ఆ కుటుంబాల మధ్యనే కాపురముండాలి. రెండవది, తల్లిదండ్రులు రుసుము చెల్లించనక్కరలేదు. పిల్లలను శుభ్రంగా పంపడం, అధ్యాపకురాలిని గౌరవించడం మాత్రమే వారి బాధ్యత. మూడవది, దినచర్య చేతులు, గోళ్లు, దుస్తుల శుభ్రతతో ఆరంభమయ్యేది. ఆ తరువాతే సాధనాల వంతు వచ్చేది. ఈ మూడు అంశాలూ అర్ధశతాబ్ది తరువాత భారతదేశపు పల్లెల్లో మళ్లీ కనిపిస్తాయి.

మాంటిస్సోరి అక్కడ గమనించిన విషయాలు ఆమెనే ఆశ్చర్యపరచాయి. పిల్లలు బొమ్మలను పక్కనపెట్టి సాధనాలను ఎంచుకున్నారు. ఒకే పనిని పదేపదే చేసి, అలసట లేకుండా తృప్తితో లేచారు. బహుమతులను, దండనలను పట్టించుకోలేదు. ఈ పరిశీలనలపై ఆధారపడి ఆమె 1909లో ఇటాలియన్ భాషలో ప్రచురించిన గ్రంథం 1912లో ‘ది మాంటిస్సోరి మెథడ్’ పేరుతో ఇంగ్లీషులో వెలువడింది. అధ్యాపకురాలు బోధించేది తక్కువ, గమనించేది ఎక్కువ. తప్పును ఎత్తిచూపేది అధ్యాపకురాలు కాదు, సాధనమే. ఉదాహరణకు దిమ్మెలోని పది గుంటలలో పది కొయ్య స్తూపాలను అమర్చేటప్పుడు ఒకటి తప్పుగా పెడితే చివరిది ఇమడదు. పిల్లవాడు తన పొరపాటును తానే కనిపెట్టి దిద్దుకుంటాడు. పెద్దల మందలింపుకు అక్కడ పని ఉండదు.

3. భావనగర్: గిజుభాయి ప్రయోగం

మాంటిస్సోరి భారతదేశంలో అడుగుపెట్టడానికి రెండు దశాబ్దాల ముందే ఆమె పద్ధతి గుజరాత్ చేరింది. న్యాయవాదిగా ఉన్న గిజుభాయి బధేకా (1885-1939) తన కుమారుడి చదువును గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి భావాలతో పరిచయం పొందాడు. వృత్తిని వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరాన్ని స్థాపించాడు.

గిజుభాయి పద్ధతిని యథాతథంగా దింపుకోలేదు. కథను, పాటను, నాటకాన్ని, జానపద సంప్రదాయాన్ని బాలమందిరంలోకి తెచ్చాడు. చిన్న పిల్లలకు కల్పితకథల పట్ల మాంటిస్సోరికి సుముఖత లేదు. వాస్తవ ప్రపంచం మీద పట్టు చిక్కిన తరువాతే కల్పనకు చోటన్నది ఆమె దృష్టి. గిజుభాయి ఈ విషయంలో ఆమెతో ఏకీభవించక, వందల కథలు పిల్లల కోసం రాశాడు. ఈ విభేదం వ్యక్తిగతమైన అభిరుచిభేదం కాదు. అవ్వ చెప్పే కథతో నిద్రపోయే సమాజంలో కథను బడి గుమ్మం బయట నిలబెట్టడం సాధ్యం కాదన్న గ్రహింపు అందులో ఉంది. 1932లో వెలువడిన అతని ‘దివాస్వప్న’ ఒక ఉపాధ్యాయుడు సాధారణ ప్రాథమిక పాఠశాలలో చేసిన ఏడాది ప్రయోగాన్ని కథారూపంలో చెబుతుంది. అది ‘పగటికల’గా తెలుగు పాఠకులకూ చేరింది.

రాజ్‌కోట్‌లో స్త్రీల శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్ పదవిని వదులుకొని తారాబాయి మోడక్ (1892-1973) ఈ ప్రయోగంలో చేరింది. 1926లో నూతన బాలశిక్షణ సంఘం ఏర్పడింది. పత్రికలు, శిక్షణ తరగతులు, మాతృభాషలో శిశువిద్యా సాహిత్యం ఈ సంఘం ద్వారా విస్తరించాయి. గిజుభాయి 1939 జూన్‌లో మరణించాడు. అదే ఏడాది నవంబరులో మాంటిస్సోరి భారతదేశానికి వచ్చింది. ఆమె పద్ధతిని ఈ నేలలో నాటిన వ్యక్తి ఆమె రాకను చూడలేకపోయాడు. మాంటిస్సోరి భారతదేశానికి పద్ధతిని ‘తెచ్చింది’ అనే వాక్యం పాఠ్యగ్రంథాల్లో తరచు కనిపిస్తుంది. ఈ తేదీలు ఆ వాక్యాన్ని సవరించవలసిన అవసరాన్ని సూచిస్తున్నాయి.

4. గాంధీజీ ఆకాంక్ష

రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన గాంధీజీ 1931 అక్టోబరు 28న అక్కడి మాంటిస్సోరి శిక్షణ కళాశాలలో ప్రసంగించాడు. మాంటిస్సోరి ఆ సభలో ఉంది. ప్రపంచశాంతి పిల్లలతోనే మొదలుకావాలన్న ఆమె విశ్వాసంతో గాంధీజీ ఏకీభవించాడు. ఇటువంటి శిక్షణ సంపన్నుల పిల్లలకే పరిమితం కాకుండా కడుపేద పిల్లలకూ అందాలన్న ఆకాంక్షను వ్యక్తం చేశాడు. భారతదేశపు గ్రామాల్లోని లక్షలాది పిల్లలను తలచుకొని చెప్పిన మాట అది.

ఆ ఆకాంక్షలో అభినందనతోపాటు ప్రశ్న కూడా ఉంది. నునుపైన కొయ్యతో, మిల్లీమీటరు తేడా రాని కొలతలతో తయారైన సాధనాల పెట్టె నాటి గ్రామపాఠశాలకు అందుబాటులో ఉండేది కాదు. పేదపిల్లల మధ్య పుట్టిన పద్ధతి పాతికేళ్లు తిరక్కుండానే పేదలకు అందుతుందా అని అడగవలసిన స్థితికి చేరింది. యూరప్‌లో, అమెరికాలో పద్ధతి ప్రచారం పొందిన తీరు దీనికి ఒక కారణం. సాధనాలు వ్యాపార వస్తువులయ్యాయి. శిక్షణ ఖరీదైనదయింది. 1929లో ఏర్పడిన అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం ప్రమాణాల పరిరక్షణకు ప్రాధాన్యమిచ్చింది. ప్రమాణాలను కాపాడే ఏర్పాటే పేదవాని గుమ్మానికి అడ్డుగోడ అయ్యే ప్రమాదం అక్కడ ఉంది.

5. అడయారు, కొడైకెనాల్

దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షుడు జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి ఆహ్వానంపై మాంటిస్సోరి 1939 నవంబరులో కుమారుడు మారియోతో కలిసి అడయారు చేరింది. అప్పటికి ఆమె వయస్సు 69 ఏళ్లు. ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆమె పద్ధతిని ఆదరించింది. తరువాత పొత్తు చెడింది. 1934లో ఆమె ఇటలీని విడిచిపెట్టింది. బార్సిలోనాలో నిలదొక్కుకుంటుండగా 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను నెదర్లాండ్స్‌కు తరిమింది. యుద్ధం ఆమెను అడయారులోనూ వదలలేదు.

మొదటి శిక్షణ తరగతికి దేశం నలుమూలల నుంచి సుమారు 300 మంది వచ్చారు. సమాజ ప్రాంగణంలో తాటాకు పాకలు వేసి తరగతులు నడిపారు. ఆమె ఇటాలియన్‌లో ఉపన్యసిస్తే మారియో ఇంగ్లీషులోకి అనువదించేవాడు. అధ్యాపకవృత్తిలో ఉన్నవారితోపాటు జాతీయోద్యమ ప్రభావంతో విద్యను సేవగా స్వీకరించినవారికీ ఆ పాకలు చోటిచ్చాయి.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో తల్లీకొడుకులు బ్రిటిష్ ప్రభుత్వ దృష్టిలో శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. మాంటిస్సోరిని అడయారు ప్రాంగణం దాటకుండా కట్టడిచేశారు. ఆమె 70వ జన్మదినాన, 1940 ఆగస్టు 31న, వైస్రాయి మారియోను విడుదల చేయించాడు. ప్రయాణాలపై ఆంక్షలు మాత్రం మరికొంతకాలం కొనసాగాయి. వేసవి తాపం దృష్ట్యా కొండలకు పోవడానికి అనుమతి లభించగా, 1942 నుంచి 1944 వరకు ఆమె కొడైకెనాల్‌లో గడిపింది.

ఈ నిర్బంధమే పద్ధతి చరిత్రలో కీలకమైన మలుపు అయింది. కొడైకెనాల్‌లో వేర్వేరు దేశాల, వేర్వేరు వయస్సుల పిల్లలతో ఒక చిన్న బడి ఏర్పడింది. సింహళానికి చెందిన లీనా విక్రమరత్నె ఆమెకు తోడుగా పనిచేసింది. చెట్టు, పురుగు, రాయి, వాన, నక్షత్రం అక్కడ పాఠ్యవస్తువులయ్యాయి. విశ్వంలోని ప్రతి వస్తువూ మరొకదానితో ముడిపడి ఉన్నదన్న ఎరుక ఆధారంగా ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం ‘విశ్వవిద్య’ అనే భావన అక్కడ రూపుదిద్దుకుంది. ఈ భావనకు బీజాలు ఆమె పూర్వ ఉపన్యాసాల్లోనే ఉన్నా, సాధనలో అది పండింది కొడైకెనాల్ కొండల్లోనే.

రెండవ మార్పు శైశవానికి సంబంధించినది. 1907 నాటి పద్ధతి ప్రధానంగా మూడేళ్లు నిండిన పిల్లలకు ఉద్దేశించింది. భారతదేశంలో ఆమె దృష్టి పుట్టుక నుంచి మూడేళ్ల వరకు గల దశపైకి మళ్లింది. బిడ్డ తల్లి చంక దిగకుండా సంతకు, గుడికి, పొలానికి, పెళ్లికి వెళ్లడం, పెద్దల లోకాన్ని ఉన్నదున్నట్టుగా చూస్తూ, వింటూ పెరగడం ఈ దేశంలో నిత్యదృశ్యం. బిడ్డ మనస్సు పరిసరాలను ప్రయత్నం లేకుండానే పీల్చుకుంటుందన్న సిద్ధాంతం ఆమె అహ్మదాబాద్ ఉపన్యాసాల్లో సమగ్రరూపం పొందింది. ఆ ఉపన్యాసాల ఆధారంగా ‘ది అబ్సార్బెంట్ మైండ్’ 1949లో అడయారు నుంచి ప్రచురితమయింది. నేడు ప్రపంచవ్యాప్తంగా మాంటిస్సోరి అధ్యాపకశిక్షణలో మూలగ్రంథంగా చదివే పుస్తకం మద్రాసు ముద్రణ అన్న విషయం మరవరానిది.

1946లో యూరప్ తిరిగివెళ్లిన మాంటిస్సోరి, 1947లో మళ్లీ వచ్చి 1949 వరకు ఉపఖండంలో పనిచేసింది. రెండు విడతల నివాసంలో భారతదేశంలోనూ సింహళంలోనూ వెయ్యిమందికి పైగా అధ్యాపకులు ఆమె వద్ద శిక్షణ పొందారు. ఆమె 1952 మే 6న నెదర్లాండ్స్‌లో మరణించింది. భారతదేశంలో ఆమె ప్రతినిధిగా నిలిచిన ఎ.ఎం. జూస్టన్ తరువాతి మూడు దశాబ్దాలు శిక్షణను కొనసాగించాడు.

6. అక్షరం: గరుకు కాగితం, గుంట ఓనమాలు

పద్ధతి ఒక భాష నుంచి మరొక భాషకు వచ్చేటప్పుడు అసలైన పరీక్ష లిపిబోధనలో ఎదురవుతుంది. తెలుగు భాషాశాస్త్ర విద్యార్థికి ఈ అంశం ప్రత్యేకంగా ఆసక్తికరమైనది.

మాంటిస్సోరి పద్ధతిలో చదవడం కన్నా రాయడం ముందు వస్తుంది. నున్నటి అట్ట మీద గరుకు కాగితంతో కత్తిరించి అతికించిన అక్షరాన్ని పిల్లవాడు రెండు వేళ్లతో రాసే దిశలోనే తడుముతూ దాని ధ్వనిని పలుకుతాడు. స్పర్శ, చూపు, వినికిడి ఒక్కసారే పనిచేస్తాయి. తరువాత విడి అక్షరాల పెట్టెతో మాటలు కూర్చుతాడు. ఒక దశలో రాత తనంతట తానే వెల్లివిరుస్తుంది.

తెలుగునాట ఈ స్పర్శబోధన కొత్తది కాదు. వీధిబడుల్లో ఇసుక పరచి వేలితో అక్షరాలు దిద్దించేవారు. చెక్కపలక మీద అక్షరాలను గుంటలుగా చెక్కించి, ఆ గుంటల వెంబడి పుల్లతో దిద్దించే సాధనం ‘గుంట ఓనమాలు’గా నిఘంటువుల కెక్కింది. మాంటిస్సోరి తన తొలి గ్రంథంలో ప్రస్తావించిన ఒక సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. బుద్ధిమాంద్యం గల పిల్లలతో పనిచేసేటప్పుడు ఆమె కొయ్య అక్షరాలను పుల్లతో తడిమించింది. పుల్ల జారిపోకుండా అక్షరాన్ని గుంటగా చెక్కించాలని తలచి నమూనా కూడా గీసింది. ఖర్చు భరించలేక ఆ ఆలోచన విరమించింది. రోమ్‌లో ఖర్చుకు వెరచి ఆగిపోయిన సాధనం తెలుగు వీధిబడిలో వాడుకలో ఉండేది.

దీని నుంచి ‘అన్నీ మనకు ముందే ఉన్నవి’ అనే నిర్ణయానికి దూకడం శాస్త్రీయం కాదు. సాధనం ఒకటే అయినా దానిని నడిపించే దృష్టి వేరు. వీధిబడిలో దిద్దడం గురువు ఆజ్ఞ. గోడకుర్చీ, కోదండం వంటి శిక్షలు ఆ బడికి నీడలా ఉండేవి. బాలల గృహంలో దిద్దడం పిల్లవాడి ఎంపిక. అతడు చాలునన్నప్పుడు ఆగుతుంది. చెప్పదగిన మాట ఒక్కటే. స్పర్శ ద్వారా అక్షరాన్ని నేర్పే నైపుణ్యం ఈ సమాజానికి ఉంది, భయాన్ని తొలగించే దృష్టి మాత్రం కొరవడింది. చలం ‘బిడ్డల శిక్షణ’ వంటి రచనలు తెలుగులో ఎక్కుపెట్టింది సరిగ్గా ఆ భయం మీదనే.

మద్రాసుకు సంబంధించిన మరొక పూర్వఘట్టం కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. ఎగ్మూరు అనాథాశ్రమాన్ని నిర్వహించిన ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. 1797లో దానిని గురించి లండన్‌లో పుస్తకం ప్రకటించాడు. అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. పద్ధతులు ఎల్లప్పుడూ పడమటి నుంచి తూర్పుకే ప్రవహించలేదనడానికి ఇది ఒక సాక్ష్యం.

ఇక లిపిసమస్య. ఇటాలియన్ లిపి వర్ణాత్మకం. ఒక ధ్వనికి ఒక గుర్తు చొప్పున వరుసగా పేర్చుకుంటూ పోవచ్చు. తెలుగులో పిల్లవాడి చెవికి అందే ప్రమాణం అక్షరం. ‘కిటికీ’ అనే మాటలో ఆరు వర్ణాలున్నా పిల్లవాడు వినేది, రాసేది మూడు అక్షరాలే. ‘క’ అని నేర్పినప్పుడు అకారం అందులోనే ఇమిడి ఉంటుంది. గుడి రాగానే తలకట్టు పోతుంది. అంటే వేలు తడిమి నేర్చుకున్న ఆకృతే మారుతుంది. ఒత్తులలో సమస్య మరింత జటిలమవుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు మూలాక్షరాలతో పోలిక తక్కువ. ‘అమ్మ’ అనే మాట పిల్లవాడి నోట మొట్టమొదట వచ్చేది. రాతలో మాత్రం అది ఒత్తు నేర్చేదాకా ఆగాలి.

విడి అక్షరాల పెట్టెను తెలుగుకు తయారుచేయాలంటే రెండు దారులున్నాయి. గుణింతాలన్నింటికీ విడివిడి బిళ్లలు చేస్తే వాటి సంఖ్య వందలకు చేరి, ఏ పిల్లవాడికీ వెదకడం సాధ్యం కాదు. తలకట్టు లేని హల్లును, తలకట్టుతో సహా అచ్చుగుర్తులను వేరువేరు బిళ్లలుగా చేసి ఒకదానిపై ఒకటి అమర్చేలా చేస్తే బిళ్లలు తక్కువవుతాయి. అక్షరం ఎలా నిర్మితమయిందో పిల్లవాడికి చేతిలోనే తెలుస్తుంది. రెండవ దారి తెలుగు లిపి స్వభావానికీ, మాంటిస్సోరి దృష్టికీ అనుగుణమైనది. దిద్దించే క్రమంలోనూ ‘అ ఆ ఇ ఈ’ వరుసకు బదులు ఆకృతిసామ్యాన్ని, పిల్లల నిత్యవ్యవహారంలోని మాటలను ప్రమాణంగా తీసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల పెట్టెను కొని తెచ్చుకోవడంతో తృప్తిపడిన పాఠశాలలకు ఈ సమస్య ఎదురుకాలేదు, కనుక దానికి పరిష్కారం వెదకవలసిన అవసరమూ కలగలేదు.

7. బోర్డి, కోస్బాడ్: ముంగిటిలో బడి

గాంధీజీ వెలిబుచ్చిన ఆకాంక్షను ఆచరణలోకి తెచ్చిన వ్యక్తి తారాబాయి మోడక్. బొంబాయిలోని దాదర్‌లో శిశువిహారాన్ని నడిపిన ఆమె, 1945లో నాటి థానా జిల్లాలోని బోర్డి గ్రామంలో గ్రామ బాలశిక్షా కేంద్రాన్ని ప్రారంభించింది. అనూతాయి వాఘ్ ఆమెకు కుడిభుజంగా నిలిచింది. 1957లో కేంద్రం వార్లీ గిరిజనుల మధ్య ఉన్న కోస్బాడ్ కొండకు తరలింది.

గ్రామంలో బాలవాడి తెరిచినంత మాత్రాన పేదపిల్లలు రారని వారికి త్వరలోనే తెలిసివచ్చింది. ఇంట్లో పసిబిడ్డను ఎత్తుకోవలసిన అక్క బడికి రాలేదు. పశువులను కాసే తమ్ముడు రాలేదు. అంటరానితనం మరికొందరిని గుమ్మం బయటే నిలిపింది. పిల్లవాడు బడికి రాలేనప్పుడు బడే పిల్లవాడి దగ్గరకు పోవాలని వారు నిశ్చయించారు. వాడలోని ఒక ముంగిటినే తరగతిగా మార్చారు. సంస్కృత ‘అంగణ’ శబ్దభవమైన ‘ఆంగన్’కు ‘వాడి’ చేరి ‘అంగన్‌వాడీ’ అయింది. పశువుల వెంట పోయే పిల్లల కోసం పచ్చికబయలులోనే ‘కురణశాల’ నడిచింది. దినచర్య స్నానంతో, తలదువ్వడంతో ఆరంభమయ్యేది. గవ్వలు, గింజలు, గులకరాళ్లు, ఆకులు, వెదురు ముక్కలు సాధనాలయ్యాయి.

ఈ మార్పు వల్ల పద్ధతి పలుచనయిందన్న విమర్శను తేలికగా కొట్టివేయరాదు. మాంటిస్సోరి సాధనంలో ఖచ్చితత్వం అలంకారం కాదు. గులాబీ స్తంభంలోని పది ఘనాలు భుజం 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల వరకు క్రమంగా పెరుగుతాయి. రంగు, నునుపు, ఆకారం ఒకటే. పరిమాణం ఒక్కటే మారుతుంది. అందువల్లనే పిల్లవాడి దృష్టి ఆ ఒక్క గుణంపై నిలుస్తుంది. ఏరుకొచ్చిన గులకరాళ్లలో పరిమాణంతోపాటు రంగు, ఆకారం, గరుకుదనం అన్నీ మారుతాయి. తప్పును తానే పట్టిచ్చే గుణం వాటిలో తక్కువ. కొయ్య స్తూపాలు చేసే పనిని చింతగింజలు చేయలేవు.

అయితే నష్టాన్ని లెక్కించినట్లే లాభాన్నీ లెక్కించాలి. గింజలను వేరుచేయడం, కొలవడం, పోయడం, ఊడ్చడం, అల్లడం మాంటిస్సోరి చెప్పిన నిత్యజీవన కృత్యాలే. వాటికి కావలసిన వస్తువులు ముంగిటిలోనే ఉన్నాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, 1907 నాటి బాలల గృహానికి ప్రాణమైన మూడు లక్షణాలు ఇక్కడ తిరిగి దర్శనమిస్తాయి. బడి నివాసస్థలంలోనే ఉంది. తల్లుల కళ్లెదుటే నడుస్తుంది. శుభ్రతతో మొదలై, రుసుము అడగకుండా సాగుతుంది. సాధనాల పెట్టెను ప్రమాణంగా తీసుకుంటే కోస్బాడ్ శాన్ లొరెంజోకు దూరంగా జరిగింది. బడికీ ఇంటికీ గల సంబంధాన్ని ప్రమాణంగా తీసుకుంటే, ఖరీదైన నగర పాఠశాలల కన్నా కోస్బాడే శాన్ లొరెంజోకు దగ్గర.

8. పేరు ఒకచోట, సారం ఒకచోట

1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 బ్లాకులలో ప్రారంభించినప్పుడు దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అనే పేరు పెట్టింది. పేరు దేశవ్యాప్తమయింది. పథకంలోని ఆరు సేవలలో పూర్వప్రాథమిక విద్య ఒకటి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్యపరీక్షలు వంటివి మిగిలినవి. ఆకలి, శిశుమరణాలు పీడించిన దేశంలో ఆ ప్రాధాన్యక్రమం సహజమైనదే. దాని ఫలితంగా, ఒక విద్యాప్రయోగం పేరుగా పుట్టిన మాట ప్రజల నోట భోజనకేంద్రం పేరుగా స్థిరపడింది.

మరొకవైపు ‘మాంటిస్సోరి’ అన్నది ఎవరైనా పెట్టుకోగల పేరు. అమెరికాలో 1967లోనే అది ఒక సంస్థ సొత్తు కాదని, సామాన్యనామమని నిర్ణయమయింది. తెలుగునాట 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ స్థాపించిన మాంటిస్సోరి పాఠశాల వంటివి ఈ పేరును గౌరవంతో నిలిపాయి. కానీ పేరుకు గిరాకీ పెరిగినకొద్దీ, మూడేళ్ల పిల్లలను వరుస బల్లల్లో కూర్చోబెట్టి హోంవర్కు ఇచ్చే బడులు కూడా దానిని తగిలించుకున్నాయి. పిల్లవాడి స్వేచ్ఛ, వయోమిశ్రమం, పరీక్షలు లేకపోవడం పద్ధతికి ఆయువుపట్లు. అవి లేనిచోట పేరు ఉండడంలో అర్థం లేదు.

ఈ విధంగా పేరు పట్టణంలోని బోర్డులకు చేరింది. స్థలం, సమాజం, పేదపిల్లవాడు అంగన్‌వాడీ వద్ద మిగిలారు. సాధనం ఒకచోట, స్ఫూర్తి మరొకచోట ఉండిపోయాయి. వేర్పాటులో నష్టపోయింది ఎక్కువగా అంగన్‌వాడీ పిల్లవాడే. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు గల దశను పునాదిదశగా గుర్తించి, అంగన్‌వాడీని అందులో భాగం చేసింది. ఆ గుర్తింపు ఫలించాలంటే అంగన్‌వాడీ తన విద్యావారసత్వాన్ని తిరిగి గుర్తుచేసుకోవడం అవసరం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, మాంటిస్సోరి పద్ధతి భారతదేశానికి పూర్తిరూపంలో దిగుమతి అయిన వస్తువు కాదు. విశ్వవిద్య, శిశువు గ్రహణశీల మనస్సు అనే రెండు ప్రధానభావనలు పరిణతి పొందింది ఈ నేల మీదనే. రెండవది, గిజుభాయి, తారాబాయి చేసిన మార్పులు పేదరికంతో పడిన రాజీ మాత్రమే కావు. సాధనఖచ్చితత్వాన్ని కొంత వదులుకున్నా, ఇంటిలోని బడి అనే మూలభావనను అవి తిరిగి నిలబెట్టాయి. మూడవది, తెలుగు లిపికి తగిన సాధనాల రూపకల్పన మాంటిస్సోరి పేరిట నడిచే పాఠశాలలకూ, అంగన్‌వాడీలకూ ఉమ్మడిగా మిగిలిన పని. గుంట ఓనమాల సంప్రదాయం గల భాషకు ఇది అసాధ్యం కాదు. లిపిశాస్త్రం, బాలల భాషార్జన, విద్యాశాస్త్రం కలిసి చేపట్టవలసిన ఈ పరిశోధనలో తెలుగు శాఖలకు సముచితమైన పాత్ర ఉంది. అటువంటి సాధనం చవకగా తయారై ముందుగా చేరవలసింది పల్లెలోని అంగన్‌వాడీకే.